బుడ్డి చప్పుడు

సోల్జరు ఇనప టోపీలో పోసిన నీళ్ళతో ముగ్గురు గడ్డాలు గీసుకోవాలి. మొదటివాడికి నీళ్ళు దక్కుతాయి. రెండోవాడికి సబ్బు నురగ దక్కుతుంది. మూడోవాడికి మిగిలేవి ముందు ఇద్దరి వెంట్రుకలు, వాళ్ళ మెడల మీది జిడ్డు, రాత్రి గాలికి వచ్చి పడిన ఇసుక, ఒక్కోరోజు ఒక ఈగ. ఆ వారం మూడోవాడు ఆర్లో థోర్స్టాడ్.

ఆర్లో ఉత్తర డకోటాలో గోధుమ పండించుకునే మనిషి. ముప్ఫై దగ్గర పడ్డాయి. మాట్లాడడం కంటే చూడడం ఎక్కువ అలవాటు. కొట్టంలో పేడ ఎత్తిన చేతులు, అడ్డం తిరిగిన దూడను తల్లి కడుపులోంచి లాగిన చేతులు అతనివి. ఏనాడూ దేనికీ మొహం తిప్పుకోలేదు. కాలిఫోర్నియా ఎడారిలోని ఈ శిబిరానికి వచ్చిన మూడో వారానికి, ఆ టోపీలోకి చూడకుండానే గీసుకోవడం మొదలుపెట్టాడు.

గీసుకోవడం అయ్యాక ఆ నీళ్ళు పారబోయకూడదు. వాటిలోనే మేజోళ్ళు పిండాలి. పిండిన నీళ్ళను పాత బనీను గుడ్డలో వడగట్టి లారీ రేడియేటర్లో పోయాలి. మధ్యాహ్నం ఎండకు ఇంజను కాగినప్పుడు మూతలోంచి లేచే ఆవిరికి ముప్ఫైమంది పాదాల కంపు ఉండేది. ఈ దండులో మనుషులకు చావైనా ఉంది గాని నీళ్ళకు రిటైర్మెంటు లేదని డెల్బర్ట్ అనేవాడు.

డెల్బర్ట్ స్పైవీ ఆర్లో పక్క మంచం వాడు. ఓక్లహోమా నుంచి వచ్చాడు. మనిషి సన్నగా తాడులా ఉంటాడు, నోరు మూతపడదు. ఆర్లో లారీ తోలితే అతను పక్కన కూర్చుని, దిగబడినప్పుడు పార తీసుకుని చక్రాల కింద ఇసుక తవ్వేవాడు. ఒకడు మాట్లాడడు, ఒకడు ఆపడు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

అది పందొమ్మిది వందల నలభై రెండు జూలై. ఆఫ్రికా ఎడారిలో జర్మన్లతో పోరాడాలంటే ముందు ఇక్కడ కాలాలని పైవాళ్ళు తేల్చారు. తెల్లవారకముందే లేపేవారు. మూపున బరువు వేసి పది నిమిషాల్లో మైలు పరుగెత్తించేవారు. పడినవాణ్ణి పక్కకు లాగి మిగతావాళ్ళను పరుగెత్తించేవారు. తర్వాత తిండి. పంది మాంసం కొవ్వు ఎండకు కరిగి పళ్ళెంలో పసుపు పచ్చగా మడుగు కట్టేది. గుడ్ల పొడితో చేసిన అట్టు తడి అట్టముక్కలా ఉండేది. ప్రతి ముద్దలోనూ ఇసుక కరకరలాడేది. దొడ్డి గుంటలకూ వంట గుడారానికీ మధ్య రెండు వందల అడుగులు. ఈగలకు అది పక్కిల్లు. అక్కడ కాళ్ళు ముంచుకుని ఇక్కడికి వచ్చి టమోటా పులుసు మీద వాలేవి. చెంచా నోటిదాకా వచ్చినా లేచేవి కావు. మొదట్లో వాటిని తోలారు. తర్వాత ఊదారు. ఇప్పుడు ఎవరూ ఏమీ చేయడం లేదు. ఆర్లోకు ఈగల కంటే ఆ ఊరుకోవడమే ఎక్కువ రోత పుట్టించింది. పందులు కూడా ఒకసారి తల విదిలిస్తాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళ బుడ్డి ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ దండులో వాళ్ళ కంపెనీకి లెఫ్టినెంట్ విట్‌లాక్ అధికారి. నూనె రాసిన జుట్టు, ఎప్పుడూ పొడిగా ఉండే చంకలు. మనిషి శరీరాన్ని నీళ్ళు లేకుండా బతకడానికి అలవాటు చేయవచ్చని ఆయన నమ్మకం. రోజుకు మనిషికి ఒక్క బుడ్డి. నడుముకు కట్టుకునే అల్యూమినియం బుడ్డి, శేరుకు కాస్త ఎక్కువ పడుతుంది. అది పొద్దున నింపితే మళ్ళీ మర్నాడే. సాయంత్రం అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కడి బుడ్డీ తీసుకుని చెవి దగ్గర ఊపేవాడు. లోపల గలగలమంటే భుజం తట్టేవాడు. చప్పుడు లేకపోతే ఏమీ అనకుండా బుడ్డిని వాడి కాళ్ళ దగ్గర పడేసేవాడు. వంగి తీసుకోవాలి. వారమంతా ఎవడి బుడ్డి ఎక్కువ మోగితే వాడికి శనివారం ఊళ్ళోకి వెళ్ళడానికి సెలవు చీటీ.

ఆర్లో ముప్ఫయ్యారు నాటి కరువు చూసినవాడు. చెరువు ఎండి, బావి బురదయ్యాక, అతని పన్నెండు ఆవులకు నీళ్ళు లేకుండా బతకడం నేర్చుకోవడానికి రెండు నెలల టైము దొరికింది. ఒక్కటీ నేర్చుకోలేదు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. అడిగినవాడూ లేడు.

ఆ వారం సెలవు చీటీ డెల్బర్ట్‌కు కావాలి. పెళ్ళాం లియోటా శనివారం మధ్యాహ్నం రైలుకు ఇండియో స్టేషన్లో దిగుతానని రాసింది. అతను పటాలంలో చేరాక పుట్టిన ఆడపిల్లను ఎత్తుకుని వస్తోంది. పిల్లకు అయిదో నెల. డెల్బర్ట్ ఇంకా మొహం చూడలేదు. ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకు తిరిగితే చెమటకు సిరా కారిపోయింది. చదవడానికేమీ మిగల్లేదు, అయినా తీసి చూసేవాడు.

“ఒరే డకోటా, నా బుడ్డి ఈ వారం చర్చి గంటలా మోగుతుంది చూడు. లెఫ్టినెంటు చెవిలో దూదులు పెట్టుకోవాలి,” అన్నాడు సోమవారం.

సోమవారం ఆర్లో తన బుడ్డిలోంచి సగం ఇచ్చాడు. మంగళవారమూ ఇచ్చాడు. మంగళవారం సాయంత్రం పార పట్టుకుని నిలబడ్డచోటే ఆర్లోకు కళ్ళు బైర్లు కమ్మి, లారీ చక్రం మీది రెక్కకు తల కొట్టుకుంది. నుదురు మీద బొప్పి చూసి, ఇక నీ నీళ్ళు ముట్టనని డెల్బర్ట్ ఒట్టేశాడు. ఎలాగో గడుపుకుంటానన్నాడు.

ఆ మంగళవారం నాడే ఉత్తరాది శిబిరం నుంచి రైలు బళ్ళ మీద ఆరు కొత్త లారీలు దిగాయి. అందులో ఒకటి ఆర్లోకు వచ్చింది. మూత విప్పి చూస్తే రేడియేటర్లో నీళ్ళు నిండుగా, తేటగా, కాస్త పచ్చరంగులో ఉన్నాయి. వేలు ముంచి నాలుక చివర అంటించి, చొక్కా చేతికి తుడిచేసుకున్నాడు. తియ్యగా ఉంది. చలిదేశాల్లో నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగలకుండా పోసే మందు అది. ఎవరూ తీసేయకుండానే ఎడారికి పంపారు. డకోటాలో పక్క కమతం వాడి కుక్కలు రెండు కొట్టం నేల మీద కారిన ఈ మందే నాకి, తాగినవాళ్ళలా తూలి, మూడోనాటికి చచ్చాయి. ఆర్లోనే గుంట తవ్వాడు.

వెళ్ళి సార్జెంట్ కూబియాక్‌తో చెప్పాడు. కూబియాక్ షికాగో కసాయి వీధుల నుంచి వచ్చిన మొరటు మనిషి గాని చెడ్డవాడు కాదు. లెఫ్టినెంటును అడిగి వచ్చాడు. పారబోస్తే మళ్ళీ నింపడానికి నీళ్ళెక్కడివని ఆయన కసిరాడట. ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నాడట. ఆర్లో తల ఊపి వచ్చేశాడు. ఇంకెవరికీ చెప్పలేదు. రేడియేటర్లో నీళ్ళంటే మేజోళ్ళు పిండిన నీళ్ళని శిబిరమంతటికీ తెలుసు. వాటిని నోట పెట్టేవాడెవడు?

అక్కడే అతను తప్పాడు. కొత్త లారీల్లో ఇంకా ఎవరి మేజోళ్ళూ పిండలేదు. ఆ సంగతీ శిబిరమంతటికీ తెలుసు.

బుధవారం సాయంత్రం డెల్బర్ట్ బుడ్డి నిండుగా మోగింది. లెఫ్టినెంటు మొహం విప్పారింది. వరసలో ఉన్న అందరినీ ఇటు తిరిగి ఆ బుడ్డి వినమన్నాడు. మగాడంటే వీడని పొగిడాడు. ఆర్లో బుడ్డి వైపు చూడలేదు. డెల్బర్ట్ పెదవుల వైపు చూశాడు. మిగతావాళ్ళందరి పెదవులూ చీలి నల్లటి పక్కులు కట్టి ఉంటే, అతనివి తడిగా ఉన్నాయి. వంట గుడారం ట్యాంకులోంచి దొంగిలిస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. పట్టుబడితే పడతాడు, పెళ్ళాం కోసం గదా అనుకున్నాడు. అడగలేదు. అడగడమంటే తప్పు పట్టడంలా ఉంటుందని అతని పద్ధతి.

గురువారం మధ్యాహ్నం డెల్బర్ట్ తూలడం మొదలుపెట్టాడు. పార ఒకచోట వేస్తే మరోచోట పడుతోంది. మాట ముద్దగా వస్తోంది. పాట ఎత్తుకున్నాడు, సగంలో మరిచి నవ్వాడు. తర్వాత చక్రం పక్కనే కక్కుకున్నాడు. కక్కినదాని మీద ఈగలు నల్లగా కప్పేశాయి. లెఫ్టినెంటు జీపు దిగి వచ్చి, ముక్కు మూసుకుని చూసి, వీడు సారా తాగాడన్నాడు. బరువు మూపున వేసుకుని రెండు మైళ్ళు పరుగెత్తమన్నాడు. డెల్బర్ట్ సెల్యూట్ కొట్టబోతే చెయ్యి చెవికి తగిలింది. వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. డెల్బర్ట్ పరుగెత్తాడు. అది పరుగు కాదు. తల నరికిన కోడి ఎటు పడితే అటు పోయినట్టు పోయాడు.

ఆర్లోకు ఆ నడక తెలుసు. ఎక్కడో చూశాడు. పక్క కమతం వాడి కుక్కలు గుర్తొచ్చాయి. లారీ దగ్గరికి పోయి రేడియేటర్ మూత విప్పాడు. పచ్చనీళ్ళు నాలుగు వేళ్ళు దిగి ఉన్నాయి. సీటు వెనక తడిమితే మూరెడు రబ్బరు గొట్టం దొరికింది. ఒక చివర పంటి గాట్లున్నాయి. రెండో చివర వాసన చూడనక్కరలేకపోయింది.

అతను ఆ శిబిరంలో అడగకుండా అధికారితో మాట్లాడడం అదే మొదలు.

“సార్, అతను సారా తాగలేదు. కొత్త లారీ రేడియేటర్లో మందు తాగాడు. అది విషం. ఆపండి.”

లెఫ్టినెంటు గొట్టం వైపు చూశాడు. దూరంగా తూలుతున్న మనిషి వైపు చూశాడు. ఆయన మొహంలో రంగు మారింది. మనిషి పోతాడన్న భయం కాబోలని ఆర్లో ఒక క్షణం ఆశపడ్డాడు.

“అంటే ఆ బుడ్డి... నిన్న అందరి ముందూ నేను మెచ్చుకున్న బుడ్డి అబద్ధమా?”

 ఆర్లో నోట్లో ఊరింది పక్కకు ఉమ్మేశాడు. ఎడారికి వచ్చాక నోట్లో ఉమ్మి ఊరడం అదే మొదటిసారి. కూబియాక్ ఈలోగా పరుగెత్తి డెల్బర్ట్‌ను భుజాన వేసుకుని వచ్చేశాడు. లెఫ్టినెంటు ఆజ్ఞ కోసం చూడకుండా, లారీ తియ్యి అన్నాడు. ఆస్పత్రి గుడారాలు పద్దెనిమిది మైళ్ళు. దారి పొడుగునా డెల్బర్ట్ తలను తన ఒళ్ళో పెట్టుకుని సార్జెంటు పోలిష్ భాషలో ఎవరినో బూతులు తిట్టాడు.

శుక్రవారం వరసలో లెఫ్టినెంటు ప్రకటించాడు. స్పైవీకి వడదెబ్బ తగిలిందట. నీళ్ళు మితంగా తాగడం చేతకాక జరిగిందట. అలాగే కాగితం మీద రాశారని గుమాస్తా చెప్పాడు. ఆ వారం సెలవు చీటీ ఎవరికీ లేదు. బుడ్లు మాత్రం ఊపి చూశాడు. ఆరోజు వాళ్ళ గుడారంలో ఒక్కడి బుడ్డీ మోగలేదు. ఆరు బుడ్లు ఆరుగురి కాళ్ళ దగ్గరా ఇసుకలో పడ్డాయి.

శనివారం అధికారుల భోజన గుడారానికి ఐసు తేవడానికి లారీ పోవాలి. ఇండియోలో రైలు పట్టాల పక్కనే ఐసు కార్ఖానా ఉంది. ప్రతి శనివారమూ ఎనిమిది దిమ్మలు తెస్తారు. సాయంత్రం వాళ్ళ బీరు సీసాలు అందులో చల్లబడతాయి. ఆ పని వేరేవాడిది. కూబియాక్ చీటీ మీద ఆ పేరు కొట్టేసి ఆర్లో పేరు రాసి చేతిలో పెట్టాడు.

“మధ్యాహ్నం రైలు ఒంటిగంటకు. ఐసు వచ్చిందా లేదా అని మాత్రమే నన్నడుగుతారు. మిగతాది నాకు తెలియదు,” అన్నాడు.

లియోటా పొట్టి మనిషి. ఎర్రచుక్కల గౌను వేసుకుంది, మూడు రోజుల ప్రయాణానికి అది నలిగి మాసింది. పిల్లను బట్టల పెట్టె మీద కూర్చోబెట్టి పట్టుకుని, ప్లాట్‌ఫారం మీది ప్రతి సోల్జరు మొహంలోకీ చూస్తోంది. ఆర్లో వెళ్ళి టోపీ తీశాడు. 

“డకోటా మీరేనా?” అంది ఆమె. “ఉలకడు పలకడు, గుంజలాంటి మనిషని రాశాడు.” నవ్వబోయి, అతని చేతిలో టోపీ నలగడం చూసి ఆగిపోయింది. “బతికున్నాడా?”

“ఉన్నాడు. ఎక్కండి.”

దిమ్మలను పాత గోనెల కింద కప్పి, ఆమెనూ పిల్లనూ ముందు కూర్చోబెట్టుకున్నాడు. శిబిరానికి పోవాలంటే ఎడమకు తిరగాలి. ఆర్లో కుడికి తిప్పాడు. ఆస్పత్రికి ముప్ఫై మైళ్ళు. నీడన్నది లేని దారి. ఐసు కరిగి వెనక పలకల సందుల్లోంచి ధార కట్టింది. అద్దంలో చూస్తే లారీ వెనక దుమ్ములో తడి గీత కనిపించింది. చూస్తుండగానే ఎండిపోతోంది. బుడ్డిలో గుక్కెడు మిగలలేదని దాన్ని మనుషుల కాళ్ళ దగ్గర పడేసే చోటికి, బీరు చల్లబరచడానికి తెచ్చే ఇన్ని నీళ్ళు ప్రతి శనివారమూ ఈ ఇసుకలోకి ఇలా కారుతూ పోయేవన్నమాట.

లియోటా అడగకపోయినా అతను చెప్పడం మొదలుపెట్టాడు. బుడ్డి సంగతి, చీటీ సంగతి, మందు సంగతి చెప్పాడు. మంగళవారమే తనకు తెలిసినా పక్క మంచం వాడికి చెప్పకపోయిన సంగతి చివర చెప్పాడు. అంత పొడుగు మాట అతను జీవితంలో ఆడలేదు. ఆమె పిల్ల మొహం మీద పడుతున్న ఎండకు చెయ్యి అడ్డం పెట్టింది.

“మీరు చెప్పినా తాగేవాడేమో,” అంది. కాసేపటికి, “కాని చెప్పి ఉండాల్సింది,” అంది. రెండూ నిజమే అనిపించాయి ఆర్లోకు.

ఆస్పత్రి గుడారంలో కార్బాలిక్ మందు వాసన, దానికింద కుళ్ళిన పుండ్ల వాసన. డెల్బర్ట్ మూడో మంచంలో ఉన్నాడు. సన్నటి మనిషి రెండు రోజుల్లో ఉబ్బిపోయాడు. కనురెప్పలు నీటి బుడగల్లా ఉన్నాయి. తెలివిలోనే ఉన్నాడు. డాక్టరు లియోటాను గుడారం బయటికి పిలిచి చెప్పాడు. మూత్రపిండాలు ఆగిపోయాయి. లోపలికి పోయిన నీరు బయటికి రావడం లేదు. అందుకని నీళ్ళు మాన్పించారు. పూటకు రెండు చెంచాలు, అంతే. ఎన్నాళ్ళని ఆమె అడిగితే ఆయన పిల్ల వైపు చూశాడు.

ఆర్లో మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. పక్క బల్ల మీద గాజు కూజా నిండా నీళ్ళున్నాయి. అది పక్క మంచం వాడిది. డెల్బర్ట్ దానివైపు చూడకుండా ఉండడానికి మొహం అవతలికి తిప్పుకుని పడుకున్నాడు.

లియోటా పిల్లను అతని పక్కలో పడుకోబెట్టింది. పిల్ల ఆ ఉబ్బిన మొహం చూసి ఏడుస్తుందేమోనని ఆర్లో భయపడ్డాడు. ఏడవలేదు. అతని ముక్కు పట్టుకుంది.

“చూశావా, ఒడిసి పట్టింది,” అన్నాడు డెల్బర్ట్. నాలుక బెరడులా ఉంది, మాట గీరుకుంటూ వచ్చింది. “ఒరే డకోటా, చీటీ నాకే వచ్చిందా?”

“నీకే.”

“ఎంత మోగింది?”

“చర్చి గంటలా.”

 ఆర్లో బయటికి పోయి లారీ ఎక్కి గోనెలు తొలగించాడు. ఎనిమిది దిమ్మల్లో అయిదు మిగిలాయి. పార అంచుతో ఒకదాని మూల కొట్టి, గోలీ అంత ముక్కను గుడ్డలో చుట్టి లోపలికి తెచ్చాడు. నర్సు చూసింది. అది రెండు చెంచాలకు మించదని అతను అన్నాడు. ఆమె వేరే మంచం దుప్పటి సరిచేయడానికి వెళ్ళింది.

లియోటా ఆ ముక్కను డెల్బర్ట్ నాలుక మీద పెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. దవడ కదల్లేదు, కొరకలేదు, దాన్ని అలాగే ఉండనిచ్చాడు. ఆ గుడారంలో ఎండదెబ్బవాళ్ళు ఇంకా పద్నాలుగుమంది ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. ఆర్లో మళ్ళీ బయటికి పోయాడు. దిమ్మ తరవాత దిమ్మ భుజాన వేసుకుని లోపలికి మోసి, వాళ్ళు గాయాలు కడిగే రేకు తొట్టిలో వేశాడు. అయిదూ వేశాడు. ఆర్డర్లీ వచ్చి ఇది ఎవరి లెక్కలోదని అడిగాడు. ఆర్లో అతని చేతికి పార ఇచ్చి, పగలగొట్టమన్నాడు.

లియోటాను నర్సుల గుడారంలో ఉండనిచ్చారు. డెల్బర్ట్ ఆ తర్వాతి మంగళవారం పొద్దున పోయాడు. అప్పటికి పిల్ల అతని ముక్కును చాలాసార్లు పట్టుకుంది.

ఐసు దింపిన ఆ శనివారం సాయంత్రమే ఆర్లో శిబిరానికి వచ్చేసరికి బుడ్ల వరస నిలబడి ఉంది. లారీ వెనక తడి గోనెలు తప్ప ఏమీ లేవు. అధికారుల గుడారం ముందు వెచ్చటి బీరు సీసాలు పెట్టెలోనే ఉన్నాయి. లెఫ్టినెంటు లారీలోకి తొంగి చూసి, ఒక గోనె రెండు వేళ్ళతో ఎత్తి వదిలేశాడు. ఎనిమిది దిమ్మలు ఎక్కడని అడిగాడు.

“కరిగిపోయాయి సార్.”

“ఎనిమిదీనా?”

“ఎండ ఎక్కువగా ఉంది సార్. ఐసుకు ఇంకా అలవాటు కాలేదు.”

కూబియాక్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. లెఫ్టినెంటు దగ్గరికి వచ్చి ఆర్లో మొహం పరీక్షించాడు. పొగరో, వెటకారమో వెతికితే ఆ నల్లబడ్డ మొహంలో ఏమీ దొరకలేదు. అయినా పదిహేను రోజులు దొడ్డి గుంటలు పూడ్చి కొత్తవి తవ్వే పని వేశాడు. తర్వాత అలవాటు ప్రకారం చెయ్యి చాచాడు.

ఆర్లో నడుము నుంచి బుడ్డి తీశాడు. దారిలో తాగడం మరిచిపోయాడు. అది సగానికి పైగా ఉంది. లెఫ్టినెంటు వేళ్ళు దాన్ని అందుకోబోతుండగా మూత విప్పి, నోటికి ఎత్తి, తొందరేమీ లేకుండా చివరి చుక్క దాకా తాగాడు. నీళ్ళు వేడిగా, లోహపు వాసనగా, కాస్త ఇసుకగా ఉన్నాయి. తాగి, మూత బిగించి, ఆయనకు ఆ శ్రమ లేకుండా బుడ్డిని తానే తన కాళ్ళ దగ్గర పడేశాడు. వంగి తీసుకున్నాడు. పార ఎక్కడుందో వెతుక్కుంటూ గుంటల వైపు నడిచాడు.